అత్తయ్య ఇంటి ఛాయాచిత్రములు

మా మేనత్తగారి ఇల్లు కోనసీమలో వైనతేయ గోదావరి ఒడ్డున నున్న ఒక చిన్న పల్లెలో ఉండెడిది. "ఉండెడిది" అని వ్రాయుటకు నా చేయి ఇప్పటికిని వెనుదీయుచున్నది. 2023వ సంవత్సరపు వేసవిలో ఆ ఇంటిని పడగొట్టిరి. అందులకు నాలుగు మాసములకు ముందు, సంక్రాంతి వెళ్లిన వారమున, నేనచ్చటికి పోయి రెండు దినములుండి, ఆ ఇంటిని ఛాయాచిత్రములలో నిలుపుటకు ప్రయత్నించితిని. మొదటి దినమున ఒక పొరపాటు చేసితిని. రెండవ దినమున దానిని కొంతవరకు దిద్దుకొంటిని. ఆ రెండు దినముల కథయే ఇది.

అత్తయ్య ఆ ఇంటికి కోడలుగా వచ్చినది 1953వ సంవత్సరమున. ఆ యేడు ఆగస్టులో గోదావరికి గొప్ప వరద వచ్చెను. వరద తీసిన తరువాత, మార్గశిర మాసమున పెండ్లి జరిగెను. అప్పటికామె వయస్సు పదునైదేండ్లు. నావలో నది దాటివచ్చి, కుడికాలు ముందుంచి ఆ గడప దాటిన నాటినుండి సుమారు డెబ్బది సంవత్సరములు ఆమె ఆ ఇంటిలోనే జీవించెను. అత్తమామలకు సేవ చేసినది అచ్చటనే. ముగ్గురు బిడ్డలను పెంచినది అచ్చటనే. మామయ్యను చివరకు సాగనంపినదియు అచ్చటనే. నేనును 1971 మొదలు 1976 వరకు, ఆరవ తరగతి నుండి పదవ తరగతి వరకు, ఆమె చేతి అన్నము తిని ఆ ఇంటిలోనే చదువుకొంటిని. నదికావల నున్న మా ఊరిలో ఆ కాలమున ఉన్నత పాఠశాల లేకుండుటయే దానికి కారణము.

అది మండువా ఇల్లు. అటువంటి ఇండ్లను చూడని బాలబాలికల కొరకు దాని కట్టడమును కొంచెము వివరించెదను. ఇంటి నడుమ ఆకాశమునకు తెరచియుంచిన చదరపు జాగా ఉండును. దానికి నాలుగు ప్రక్కల వసారాలు, వసారాల వెనుక గదులు ఉండును. ఆ నడిమి జాగాయే మండువా. నాలుగు కప్పులును లోపలివైపునకు వాలియుండుటచే వానచినుకులు మండువాలో పడును. పడిన నీరు నేలలోని తూము ద్వారా పెరటిలోనికి పోవును. గదులన్నింటికిని గాలియు వెలుతురును అచ్చటినుండియే వచ్చును. వేడెక్కిన గాలి పైకి లేచి మండువా గుండా వెలుపలికి పోవుచుండుటచే, నడివేసవిలో సైతము వసారా చల్లగా నుండెడిది.

మా అత్తయ్య ఇంటి గోడలు గానుగ సున్నముతో కట్టినవి. స్తంభములు టేకువి, దూలములు తాటివి, పైకప్పు గూన పెంకులది. వీధివైపున రెండు అరుగులు, పెరటిలో నుయ్యి, తులసికోట, పశువుల పాక, కొబ్బరిచెట్లు ఉండెను. వానకాలమున చూరు మూలల క్రింద ఇత్తడి గుండిగలు పెట్టి నీరు పట్టుట పిల్లల పని. ఉత్త గుండిగ అడుగున తొలిధార పడినప్పటి మ్రోత నాకు నేటికిని వినబడుచునే యున్నది.

అంత మంచి ఇంటిని ఏల పడగొట్టిరని మీరడుగవచ్చును. అది ఎవరి తప్పును కాదు. 1986 నాటి వరదకును, 1996 నవంబరు నాటి తుపానుకును నిలిచిన ఆ ఇల్లు ఏండ్లు గడచినకొలది బలహీనమాయెను. తాటిదూలములను చెదలు తినెను. పెంకులు నేయు పనివారు దొరకుట కష్టమాయెను. 2022 జూలైలో వరదనీరు మెట్లవరకు వచ్చి పడమటి గోడ పునాదిని నాన్చెను. గోడ బీటలు వారెను. కుమారులు దూరప్రాంతములలో ఉద్యోగములు చేయుచుండిరి. ఎనుబది యైదేండ్ల తల్లిని ఆ కప్పు క్రింద ఒంటరిగా నుంచుటకు వారు భయపడిరి. ఇల్లు తీసివేసి, ఆమెను రాజమహేంద్రవరములో పెద్దకుమారుని వద్దకు తీసికొనిపోవుటకు నిశ్చయించిరి. అత్తయ్య "సరే" అనెను. ఆ మాట తప్ప వేరొక మాట ఆమె నోట ఎవరును వినలేదు.

ఆ వార్త తెలిసిన వెంటనే నేను నా కెమెరా తీసికొని బయలుదేరితిని. ఇంటిని చిత్రించుకొనవలెనను కోరిక ఛాయాచిత్రకళ యంతటి పాతది. కెమెరాతో తీయబడి నేటివరకు మిగిలియున్న ఛాయాచిత్రములలో మిక్కిలి పాతది 1826-27 ప్రాంతమున ఫ్రాన్సు దేశీయుడగు నిసెఫోర్ నియెప్స్ తీసినది. ఆయన రాజభవనములను గాని, లోకపు వింతలను గాని తీయలేదు. పల్లెలోని తన ఇంటి మేడకిటికీలో కెమెరానుంచి, అచ్చటినుండి కనబడు కప్పులను, గోడలను తీసెను. తగరము ప్రధానముగా గల లోహపు రేకుపై ఒక విధమైన తారు పూసి, దానిమీద ఎన్నో గంటలసేపు వెలుగు పడనిచ్చెను. ఆ రేకు ఇప్పుడు అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయమున భద్రముగా నున్నది. వెలుగు పడుచున్నంతసేపును సూర్యుడు ఆకాశమున జరుగుచుండుటచే, ఎదురెదురుగా నున్న గోడలు రెండింటిమీదను ఎండ కనబడును. మనుష్యులు మాత్రము అందులో లేరు. ఆ సమయమున ముంగిట ఎవరైన నడచియున్నను వారి జాడ ఆ రేకుపై నిలువదు.

నేను పదవీవిరమణము చేసిన తరువాత ఒక చిన్న కెమెరా కొని, పుస్తకములు చదివి, ఈ విద్య కొంత నేర్చుకొంటిని. మొదటి దినమున నేర్చిన దంతయు శ్రద్ధగా ప్రయోగించితిని. ముందుగా ఇంటిని నాలుగు దిక్కులనుండి తీసితిని. కెమెరాను పైకెత్తి తీసినచో నిలువు గోడలు పైన దగ్గరకు వంగినట్లు కనబడును. కనుక దూరముగా జరిగి, కెమెరాను సమముగా నిలిపి తీసితిని. తరువాత వీధిగుమ్మము మొదలుకొని, అతిథి నడచివచ్చు క్రమముననే ఒక్కొక్క గది తీయుచు లోపలికి పోతిని. నడిమధ్యాహ్నమున మండువా తెల్లగా వెలిగిపోయి వసారాలు చీకటిగా కనబడును. అందుచే మండువాలో ఎండ పడకమునుపే అచ్చటి పని ముగించితిని. చీకటి గదులలో కెమెరాను ముక్కాలిపీటపై కదలకుండ నిలిపి, వెలుగు చాలినంతసేపు పడనిచ్చితిని.

ఇంత తెలిసినవాడను ఒక్కటి తెలిసికొనలేకపోతిని. అరుగు తీయబోవునప్పటికి అత్తయ్య అచ్చట ఊడ్చుచుండెను. "అత్తయ్యా, కొంచెం పక్కకు జరుగుతావా? అడ్డం లేకుండా వస్తుంది" అంటిని. ఆమె చీపురుతో సహా లోపలికి పోయెను. మండువాలో వడియములు ఎండబెట్టుచుండెను. అచ్చటను ఆ మాటయే అంటిని. వడియముల బట్టను నేనే ఒక ప్రక్కకు లాగితిని. వంటింటిలో పొయ్యి ముందు కూర్చుండియుండెను. అచ్చటను జరుగుమంటిని. దండెముమీది బట్టలు తీసివేసితిని, నీళ్ల బకెట్టు దాచితిని, మందుసీసాలు బల్లమీదినుండి ఎత్తివేసితిని. సాయంకాలమునకు అరువది మూడు చిత్రములు సిద్ధమాయెను. నాకెంతయో తృప్తి కలిగెను.

దీపములు పెట్టిన తరువాత అత్తయ్య ప్రక్కన కూర్చుండి, వానిని కెమెరాలోనే ఒక్కొక్కటిగా చూపించితిని. ఆమె కళ్లజోడు పెట్టుకొని, అరువది మూడింటిని ఓపికగా చూచెను. చివరకు నెమ్మదిగా ఇట్లనెను:

"బాగున్నాయిరా అబ్బాయీ. ఇల్లు గుడిలా ఉంది. కానీ ఇందులో ఎవరూ కాపురం ఉన్నట్టు లేదు గదరా!"

నేను బదులు చెప్పలేకపోతిని. ఆమె లేచిపోయి, ట్రంకుపెట్టె అడుగునుండి అట్టకంటించిన ఒక పాత చిత్రమును తెచ్చెను. అది 1964లో ఆ ఇంటి ఆడపడుచు పెండ్లినాడు తీసినది. అమలాపురము నుండి ఛాయాచిత్రకారుడు పెట్టెకెమెరా తెచ్చి, నల్లగుడ్డ తలపై కప్పుకొని తీసెనట. అరుగు ముందు కుర్చీలలో పెద్దలు, వారి వెనుక స్త్రీలు, నేలమీద పిల్లలు బారులు తీరియున్నారు. నేను ఎంత వెదకినను అత్తయ్య కనబడలేదు.

"నువ్వెక్కడున్నావు అత్తయ్యా?"

"నేనా? పొయ్యి దగ్గర. పప్పు దించి వచ్చేసరికి ఆయన గుడ్డ మడిచేసుకున్నాడు" అని నవ్వి, చిత్రముపై వ్రేలుంచి చూపుచు, "ఇదిగో, కప్పు మీద పొగ కనబడుతోందే, అది నాదే" అనెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నియెప్స్ రేకుపై మనుష్యులు నిలువకుండుట ఆ కాలపు రసాయనముల లోపము. నా అరువది మూడు చిత్రములలో అత్తయ్య లేకుండుట నా లోపము. 1964లో ఆ ఛాయాచిత్రకారుడు ఆమెను చూడలేదు. ఆయనకామె ఎవరో తెలియదు. నేను చూచియు జరుగుమంటిని. అదియు ఒకసారి కాదు, మూడుసార్లు.

మరునాడు ఆమెకంటె ముందు లేవవలెననుకొంటిని గాని లేవలేకపోతిని. నేను వీధిలోనికి వచ్చునప్పటికే వాకిట కల్లాపి చల్లి, ముగ్గు సగము పెట్టియుండెను. "అత్తయ్యా, ఈవేళ నువ్వెక్కడికీ జరగక్కర్లేదు. నీ పని నువ్వు చేసుకో. నేను నీ వెంట తిరుగుతాను" అంటిని. "రోజూ చేసే పనికి ఫోటోలేమిటిరా?" అని ఆమె వంగి ముగ్గు పూర్తిచేయసాగెను. ఆ దినమున నేను తీసిన మొదటి చిత్రము అదియే.

ఆమె వెంట తిరిగిన కొలది, అయిదేండ్లు నివసించియు నేనెరుగని ఇల్లొకటి నాకు కనబడసాగెను. నూతి ఒరలో చేదతాడు ఒరసి ఒరసి రాతిలో పడిన గాడులు కనబడెను. గడప నడుమ, కాళ్లు పడుచోట, కొయ్య అరిగి పల్లమైయుండెను. అంచులలో మాత్రము ఏండ్ల తరబడి పూసిన పసుపు పొరలుగా నిలిచియుండెను. దీపపు గూటి పైభాగమున మసి నల్లని పువ్వువలె పరచుకొనియుండెను. వంటింటి ద్వారము ప్రక్కనున్న స్తంభముమీద ఒకచోట కొయ్య అద్దమువలె నునుపుగా నుండెను. అది ఏమని అడుగుచుండగనే అత్తయ్య అలవాటు చొప్పున ఆ చోట చేయి ఆనించి లోపలికి అడుగుపెట్టెను. నాకు సమాధానము దొరికెను.

మండువా స్తంభముపై 1986 ఆగస్టు వరదనీటి మట్టమును మామయ్య కత్తితో గీచియుంచెను. క్రిందటి దినమున నేనా గీతను ఒంటరిగా తీసితిని. ఈసారి అత్తయ్యను దాని ప్రక్కన నిలుచుండుమని కోరితిని. ఆమె నిలుచుండి, గీతను చేతితో తడవి, "ఆనాడు ఇది నా నడుందాకా ఉండేదిరా. ఇప్పుడు దానికి జానెడు పైన ఉంది. గీత పెరగలేదు, నేనే వంగిపోయాను" అనెను. పిల్లలను, దూడను, బియ్యపు డబ్బాను అటకమీదికి ఎక్కించి మూడు దినములు గడపిన వైనమును ఆమె అప్పుడే చెప్పెను. ఆమె చెప్పినదంతయు నేను పుస్తకములో వ్రాసికొంటిని.

చివరగా కొట్టుగదిలోనికి పోతిమి. ఆ గది తలుపు వెనుక గోడపై మూరెడు మేర సున్నము లేక మాసిపోయియుండెను. ఆ మాసిన భాగము పడకుండ క్రిందటి దినమున కెమెరాను ఒక ప్రక్కకు త్రిప్పి తీసితిని. ఏటేట సంక్రాంతికి ఇల్లంతయు వెల్లవేయువారు గదా, ఈ మూల మాత్రమేల వదలిరని ఇప్పుడడిగితిని. అత్తయ్య వెంటనే చెప్పలేదు. దీపము తెచ్చి గోడ ప్రక్కన పట్టుకొనెను. అంతవరకు బోసిగా కనబడిన గోడపై, ప్రక్కవెలుగు పడగనే, మేకుతో గీచిన చిన్న చిన్న గీతలు నీడలతో సహా పైకి తేలెను. పదేసి గీతల చొప్పున నాలుగు వరుసలు.

"ఇవేమిటి అత్తయ్యా? పాలలెక్కా?"

"నేతి లెక్కరా. నువ్వు పదో తరగతి చదివే ఏడు పంట పోయింది. మీ మామయ్య చేతిలో డబ్బు ఆడలేదు. నీ పుస్తకాలున్నాయి, పరీక్ష ఫీజుంది. ఏం చెయ్యను? వెన్న తీసి, నెయ్యి కాచి సంతకు పంపేదాన్ని. సోలకొక గీత. నాకు రాయడం రాదు గదా!"

నాకు మాట రాలేదు. ఆ యేడు నాకు చక్కగా జ్ఞాపకమున్నది. ఆ యేడు నా కంచములో నెయ్యి పడలేదు. పాడిగేదెలు రెండుండగా నెయ్యి వేయదేమని నేను అలిగితిని. ఒకనాడు కంచము ముందునుండి లేచిపోతిని గూడ. పరాయి ఇంటి పిల్లవాడనని తక్కువ చేసినదేమోయని లోలోపల ననుకొంటిని. అత్తయ్య ఏమియు ననలేదు. ఆ మరునాడు మజ్జిగలో మామిడికాయ ముక్క ఒకటి ఎక్కువ వేసెను. నలుబది యేడేండ్లు నేను ఆ అలుకను మాత్రమే జ్ఞాపకముంచుకొంటిని.

"మామయ్యకు తెలుసా?" అని ఎట్టకేలకు అడిగితిని.

"తెలియకేం? ఎప్పుడూ అడగలేదు. కానీ సున్నం వేసేవాళ్లతో ప్రతి ఏడూ ఆయనే చెప్పేవారు, ఆ మూల ముట్టుకోవద్దని."

ఎన్నో ఏండ్లు పిల్లల చేతివ్రాతలను దిద్దినవాడను నేను. అక్షరము రాని మా అత్తయ్య వ్రాసిన వ్రాతను, నా కొరకు వ్రాసిన వ్రాతను, మాసిన గోడయని తప్పించుకొని పోయితిని. ఆ గీతలను తీయుటకు కెమెరా మీది మెరుపుదీపము పనికిరాదు. ఎదుటినుండి పడిన వెలుగు గీతల నీడలను చెరిపివేయును. వెలుగు ప్రక్కనుండియే రావలెను. కనుక అత్తయ్యను దీపము అట్లే పట్టుకొనుమంటిని. చిత్రములో గోడతోపాటు ఆమె చేయియు, గాజులును, దీపమును పడినవి. ఈసారి నేనామెను జరుగుమనలేదు.

ఆ రెండు దినములలో నేను నేర్చుకొనినదానిని మీకు చెప్పవలసియున్నది. మీ తాతగారి ఇంటిని గాని, అమ్మమ్మగారి ఇంటిని గాని చిత్రించు అవకాశము మీకు కలిగినప్పుడు, గోడలను కప్పును తప్పక తీయుడు, అవియు కావలసినవే. కాని ఆ ఇంటిలో ఎవరు పని చేసిరో వారిని పనిలోనే తీయుడు. అరిగినచోటును, మాసినచోటును చూచినప్పుడు తప్పించుకొని పోక, ఎందులకట్లైనదని అడుగుడు. చెప్పినదానిని ఆ దినముననే వ్రాసికొనుడు. తేదీని, దిక్కును, మనుష్యుల పేర్లను ప్రతి చిత్రముతో జతపరచుడు. ఒక ప్రతి పాడైనను మరియొకటి మిగులునట్లు రెండుచోట్ల దాచుడు. చిత్రము తరువాతనైనను అచ్చువేసికొనవచ్చును. దాని అర్థము చెప్పగలవారు ఎల్లకాలము ఉండరు.

ఆ యేడు మే మాసములో ఇల్లు తీసివేసిరి. నేనచ్చటికి పోలేదు. రెండు దినముల చిత్రములలో నుండి నలుబదింటిని ఎన్నుకొని, పెద్దవిగా అచ్చువేయించి, పుస్తకముగా కుట్టించి, రాజమహేంద్రవరమునకు తీసికొనిపోయి అత్తయ్య ఒడిలో పెట్టితిని. మొదటి పుటలో 1964 నాటి చిత్రముండెను. దాని క్రింద, "కప్పుపైని పొగ అత్తయ్యది" అని వ్రాసితిని. ముని మనుమలు ఆమె చుట్టును చేరిరి. ఆమె ఒక్కొక్క పుట త్రిప్పుచు, ఇది నుయ్యి, ఇది గడప, ఇది మీ ముత్తాత గీచిన గీత అని వారికి చెప్పుచుండెను.

చివరి పుట దీపముతో తీసిన గోడ. అత్తయ్య అచ్చట ఆగెను. వ్రేలితో గీతలను ఒక్కొక్కటిగా లెక్కించెను. మరల మొదటినుండి లెక్కించెను. తరువాత నా వైపు తిరిగి, "నలభై ఒకటి ఉండాలిరా. అడుగున ఒకటి తలుపు చాటున పడిపోయింది" అనెను.

నేను కలము తీసి, ఆ చిత్రము క్రింద అంచున ఒక చిన్న గీత గీచితిని.